పోలమ్మ అరుగు మీద తీసిన సీను

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి పెద్దదేం కాదు, రెండే మాటలు. అవి అన్నప్పుడు నా గొంతు వణకలేదు కూడా. ఇన్నాళ్ళూ అమ్మకు చెప్పలేదు, పెళ్ళయ్యాక ఆయనకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేనే వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే మాత్రం నమ్మకండి.

మాది విజయనగరం. విశాఖలో సినిమా కోర్సు చదివేటప్పుడు ఆఖరి ఏడాది ఎనిమిది మందిమి కలిసి ఒక చిన్న సినిమా తీయాలి. చేతిలో ఉన్నదంతా కెమెరా అద్దెకే పోయింది. నాకు లొకేషన్ల పని అప్పగించారు. పేరుకు లొకేషన్ మేనేజర్, చేసేది మాత్రం ఇంటింటికీ వెళ్ళి ఒక్క పూట ఇల్లు ఊరికే ఇవ్వమని బతిమాలడం. కథ, వేటకు వెళ్ళి శవమై తిరిగొచ్చిన ఒక మత్స్యకారుడి భార్యది. మా డైరెక్టర్ శేఖర్‌కి సముద్రం కనిపించే అరుగు కావాలి. కనిపిస్తే చాలదట, పొద్దుటెండ పడాలట, పైన తాటాకు కప్పు ఉండాలట. నువ్వు అడిగితే ఎవరూ కాదనరని నన్ను మునగచెట్టు ఎక్కించేవాడు. నేను సంతోషంగా ఎక్కేదాన్ని.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక పల్లెలో రెండు రోజులు తిరిగాను. కథ చెప్పగానే మొహాలు మారిపోయేవి. అక్కడ ఒక పట్టింపు ఉంది. మగవాళ్ళు వేటలో ఉన్నంతసేపూ ఒడ్డున ఏ ఇంట్లోంచీ ఏడుపు వినపడకూడదు. పసిపిల్ల ఏడ్చినా గబగబా చంకనేసుకుంటారు. నిజంగానే ఎవరైనా పోయినా, పడవలు ఒడ్డెక్కాకే గొంతెత్తుతారు. ఇదంతా మొదటి రోజే ఒక ముసలమ్మ నాకు విడమరిచి చెప్పింది. కాబట్టి తెలియక చేశాననడానికి నాకు వీల్లేదు.

రెండో రోజు మధ్యాహ్నం పోలమ్మ దొరికింది. నలభై ఐదేళ్ళుంటాయేమో. ఇంటి ముందు చేపలు ఎండబెట్టుకుంటోంది. నా వాలకం చూసి ముందు మంచినీళ్ళిచ్చింది, తర్వాత కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఆ అరుగు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. శేఖర్ అడిగింది అచ్చం అదే. ఏం తీస్తారని ఆమె అడిగినప్పుడు, పెళ్ళిచూపుల సీను పిన్నీ అన్నాను. నోటికొచ్చింది అనేశాను, అంతే. లేదు, చూశారా, ఇదీ అబద్ధమే. ఆ మాట పొద్దున బస్సులోనే అనుకుని పెట్టుకున్నాను.

ఆమె మురిసిపోయింది. వారం తర్వాత, షూటింగ్ రోజు ఖాయం చేసుకోవడానికి వెళ్తే అరుగు అలికి ఉంది, గోడకు కొత్తగా సున్నం. అత్తారింట్లో ఉన్న కూతురి పట్టుచీర పెట్టెలోంచి తీసి, మీ పెళ్ళికూతురికి కట్టండని నా చేతిలో పెట్టింది. నేను దాన్ని మడత పెట్టి సంచిలో వేసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని తీసుకున్నాను? ఇప్పటికీ ఆ చీర గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను.

షూటింగ్‌కి సంత రోజు ఎంచుకున్నది కూడా నేనే. ఆ రోజు ఆమె ఎండుచేపల తట్టతో పొద్దున్నే వెళ్ళిపోతుంది, మొగుడు ఎటూ వేటలో ఉంటాడు. ఆమె రోడ్డెక్కాక వెదురు కర్రలు, తెల్లగుడ్డ దించి, సున్నం వేసిన ఆ గోడ పక్కనే పాడె కట్టాం. శవంగా పడుకున్న మావాడికి నవ్వాగలేదు. అందరం నవ్వాం. తర్వాత భార్య వేషం వేసిన అమ్మాయి ఏడుపు అందుకుంది. బాగా ఏడ్చింది. మరీ బాగా ఏడ్చింది.

పల్లెంతా పరుగెత్తుకొచ్చింది. ఒకామె ఇసకలో బోర్లాపడి, లేచి, కొడుకు పేరు అరుస్తూ మళ్ళీ పరుగెత్తింది. గుడ్డ తీసి మావాడు లేచి కూర్చున్నాక ఎవరూ తిట్టలేదు. అందరూ సముద్రం వైపు చూశారు. అప్పటికి ఒక్క పడవా తిరిగి రాలేదు.

కులపెద్ద వచ్చాడు. బక్కపల్చటి ముసలాయన. ఎవరిని అడగాలో ఆయనకెలా తెలిసిందో, తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఈ సావేడుపు ఏటమ్మా? పోలమ్మకి తెలిసే ఇచ్చినాదా ఇల్లు?"

తెలియదంటే ఆ క్షణమే తరిమేస్తారు. ఇంకా రెండు షాట్లు మిగిలున్నాయి. ఒట్టు, నా బుర్రలో అప్పుడున్నది ఆ రెండు షాట్లే.

"తెలుసు తాతా."

దారిలో ఎవరో కబురు చెబితే పోలమ్మ సంతకు వెళ్ళకుండా వెనక్కి వచ్చేసిందనీ, గుంపు వెనకే నిలబడి ఉందనీ నేను చూసుకోలేదు. ముసలాయన ఆమె వైపు తిరిగాడు.

"ఏటే, నిజమేనా?"

ఆమె పాడె వైపు చూసింది. నా వైపు చూసింది. తట్ట ఇంకా నెత్తిమీదే ఉంది.

"నిజమే సిన్నాన్నా. ఈ గుంట నాకు సెప్పినాది. నాకే బుద్ధి లేకపోయినాది. ఆళ్ళని ఒగ్గేయండి, సదువుకున్న పిల్లలు."

ఎందుకలా అంది? నిజం చెబితే మమ్మల్ని కొడతారని భయపడిందా? నా మొహంలో కూతురు కనిపించిందా? లేక మోసపోయానని పదిమందిలో ఒప్పుకోవడం నామోషీ అనిపించిందా? ఇన్నేళ్ళలో ఎన్నో రకాలుగా అనుకున్నాను గానీ ఏదీ తేలలేదు. సామాను సర్దుకున్నాం. పట్టుచీర గుమ్మంలో పెట్టాను. ఆమె పసుపునీళ్ళతో అరుగు కడుగుతోంది. తలెత్తకుండానే, బేగి ఎల్లిపొండి అంది.

ఆ రోజు పడవలన్నీ క్షేమంగా వచ్చాయని తర్వాత తెలిసింది. ఎవరికీ ఏమీ కాలేదుగా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. మిగిలిన రెండు షాట్లు లేకుండానే సినిమా పూర్తయింది, వాటి లోటు ఎవరికీ తెలియలేదు. కాలేజీలో బహుమతి కూడా వచ్చింది. చివర్లో 'అడగగానే ఇల్లు ఇచ్చిన పోలమ్మ గారికి కృతజ్ఞతలు' అని తెర మీద పడుతుంది. ఆ అక్షరాలు టైపు చేసింది నేనే.

మరుసటి ఏడాది ఆమెను చూద్దామని వెళ్ళాను. ఇంటికి తాళం. పక్కింటామె నన్ను గుర్తుపట్టలేదు. ఆ ఏడాది వేట సరిగా పడలేదట. తెలిసి తెలిసి చావేడుపు పెట్టించిన ఇంటివాడని పోలమ్మ మొగుణ్ణి ఎవరూ పడవ ఎక్కనివ్వలేదట. సొంత పడవ లేని మనిషి ఏం చేస్తాడు? ఆర్నెల్లు చూసి ఇద్దరూ గుజరాత్ వలస పోయారట.

కులపెద్ద ఇల్లు నాలుగు గుమ్మాల అవతలే. అక్కడి దాకా నడిచాను. ఆయన వల బాగుచేసుకుంటూ తలెత్తి, ఎవులు కావాలమ్మా అన్నాడు. ఒక్క మాట చెబితే చాలు, బహుశా వాళ్ళిద్దరూ ఊరికి తిరిగొచ్చేవారు. ఎవరూ కాదు తాతా అని వచ్చి బస్సెక్కేశాను. మొదటిసారి రెండు షాట్లయినా ఉన్నాయి సాకుగా. ఈసారి అవీ లేవు. వట్టి పిరికితనం.

ఇప్పటికీ లొకేషన్ల పనే చేస్తున్నాను. ఇల్లడిగేటప్పుడు సీనంతా కాగితం మీద రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకుంటాను. చాలా నిజాయితీ మనిషినని నాకు పేరుంది. ఆ పేరు విన్నప్పుడల్లా అన్నం సయించదు.

ఆ ముసలాయన ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా ఇది చదవడు. అయినా అడిగింది ఆయన కాబట్టి ఆయనకే చెబుతున్నాను.

పోలమ్మకు తెలియదు తాతా. పెళ్ళిచూపులని చెప్పాను.