మూడు రాజులు పట్టుకుని కళ్ళు మూసినవాడు

సతురియోకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన్ని చూద్దామని ఇప్పటికీ ఎవరో ఒకరు మా బారుకి వస్తుంటారు. లాటరీ తగిలిన పెద్దాయన ఎవరండీ అని నన్ను అడుగుతారు. కిటికీ పక్క బల్ల చూపిస్తాను. అక్కడ నలుగురు ముసలాళ్ళు పేకాడుతుంటారు, నలుగురివీ అవే ఊలు కోట్లు, అవే నల్ల టోపీలు. వచ్చినవాళ్ళ మొహాలు వాడిపోతాయి. కనీసం ఒక బంగారు పన్నయినా మెరుస్తుందనుకుంటారు కాబోలు. నాకు ఒళ్ళు మండుతుంది. కాఫీ పోసి, దానికి డబ్బులు పుచ్చుకుని పంపించేస్తాను.

మా ఊరు వాల్దెపినార్. సోరియా వైపు, పైన్ అడవుల అంచున ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో పదిళ్ళకు మించి లేవు, రొట్టెల కొట్టు పెట్టుకునే స్తోమత ఏ ఊరికీ లేదు. సతురియో తండ్రి కంచరగాడిద మీద రొట్టెలు వేసుకుని ఆ పల్లెలన్నీ తిరిగేవాడు. కొడుకు వ్యాను కొన్నాడు. ఊరి మొదట్లో హారన్ మోగితే ఆడవాళ్ళు గుడ్డసంచులతో గుమ్మాల్లోకి వచ్చేవారు. పళ్ళూడినవాళ్ళకు మెత్తనివీ, మిగతావాళ్ళకు బాగా మాడినవీ ఏరి ఇచ్చేవాడు. మందుల షాపు నుంచి మాత్రలూ, పక్క ఊరి కబుర్లూ కూడా అదే వ్యానులో వచ్చేవి. నికానోరా అనే అమ్మాయి ఒక పల్లెలో రోజూ ఒక రొట్టె కొనేది. ఆ ఇంట్లో అంతమంది తినేవాళ్ళు లేరని ఊరందరికీ తెలుసు. మిగిలిన రొట్టెలు కోళ్ళకు వేస్తోందని తెలిశాక వాళ్ళ నాన్నే పెళ్ళి మాట ఎత్తాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సతురియో మా బారుకి వచ్చేవాడు, ముస్ ఆడటానికి. ముస్ ఇద్దరిద్దరు జట్టుగా ఆడే పేకాట. జట్టువాడు ఎదురుగా కూర్చుంటాడు, చేతిలో ఏముందో మొహంతో సైగ చేసి చెప్పుకోవాలి. రెండు రాజులుంటే కింది పెదవి కొరకడం, మూడుంటే పెదవిని ఓ పక్కకు కొరకడం, ఏమీ లేకపోతే కళ్ళు మూయడం. అవతలివాళ్ళు పసిగడితే వాళ్ళ అదృష్టం. సైగ చెయ్యకుండా ఊరుకోవచ్చు, తప్పు లేదు. కానీ లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు సైగ చెయ్యకూడదు. దొంగసైగ చేసినవాణ్ణి మా తాత ఈ గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. ఓడిన జట్టు నాలుగు కాఫీలకూ డబ్బు కట్టాలి, అదీ మా బారు పద్ధతి.

సతురియో జట్టువాడు ఎమెతెరియో, అడవి కాపలా ఉద్యోగం చేసి దిగినవాడు. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇద్దరూ ఒకే జట్టు. ఎమెతెరియోకి పింఛను తక్కువ, రోషం ఎక్కువ. వాళ్ళకెదురు జట్టు ప్రిమితివో, గబీనో. గబీనో నెమ్మదస్తుడు, ఆయన గురించి చెప్పడానికేమీ లేదు. ప్రిమితివో గొర్రెలు కాసి కాసి మోకాళ్ళు పోగొట్టుకున్నవాడు. చేతిలో చిల్లిగవ్వ నిలవదు, నోట్లో మాటా నిలవదు. గెలిచిన రోజు ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఆటంతా మళ్ళీ ఆడినట్టు చెప్పేవాడు. ఓడిన రోజు నేరుగా కోళ్ళ దొడ్లోకి పోయేవాడు.

ఇక లాటరీ సంగతి. ఫ్రెంచి సైన్యం కాదిస్ పట్నాన్ని ముట్టడించినప్పుడు మనవాళ్ళ ఖజానా అడుగంటిందట. పన్ను వేస్తే జనం రాళ్ళు వేస్తారు, అందుకని లాటరీ పెట్టారు. జనం నవ్వుతూ కట్టే పన్ను ఇదొక్కటే అనేవాడు మా తాత. అంతర్యుద్ధంలో దేశం రెండు ముక్కలైతే, ఒక ఏడాది అటువాళ్ళొక లాటరీ తీశారు, ఇటువాళ్ళొక లాటరీ తీశారు. ఒకరినొకరు చంపుకోవడం మానలేదు, చీట్లు కొనడమూ మానలేదు. క్రిస్మస్‌కు ముందు బడిపిల్లలు పొద్దుటంతా అంకెలు పాడతారు, దేశమంతా రేడియోకి చెవులప్పగిస్తుంది. తగలాలన్న ఆశతోనే అందరూ కొంటారనుకుంటే పొరపాటు. పక్కవాడికి తగిలి మనకు తగలకపోతే ఆ మంట ఎలా భరించడం అన్న భయంతోనే సగంమంది కొంటారు. అందుకే మా బారులో ఊరందరికీ ఒకే నంబరు తెప్పిస్తాను. వస్తే అందరికీ వస్తుంది, పోతే అందరికీ పోతుంది.

ఆ ఏడాది మా నంబరుకు ఏమీ రాలేదు. పిండి మిల్లువాళ్ళు పండక్కి సతురియోకి ఊరికే ఇచ్చిన చీటీకి మొదటి బహుమతి తగిలింది. నంబరు పాడేసరికి ఆయన వ్యానులో, దారి మధ్యలో ఉన్నాడు. ఇంకా మూడు పల్లెలు మిగిలాయి. మూడింటికీ రొట్టెలిచ్చి, అప్పుడు బారుకి వచ్చి చీటీ నా ముందు పెట్టాడు. ఒకసారి చూసిపెట్టు విసీ, నా కళ్ళద్దాలు సరిగ్గా లేవు అన్నాడు. చూసి నేను కూర్చుండిపోయాను. నాలుగు లక్షల యూరోలు, అందులో సర్కారు వాటా పోగా మిగిలింది ఆయనదే. సీసాల మూతలు పైకప్పు దాకా ఎగిరాయి. ఎమెతెరియో గట్టిగా కావలించుకుంటే ఆ కళ్ళద్దాలు కాస్తా విరిగాయి.

నడమంత్రపు సిరి, నరాల మీద పుండు నిలవనీయవంటారు. సతురియో విషయంలో నిలవనీయనిది ఆయన కాదు, ఊరు. ఆయన పాత వ్యాను మార్చాడు, నికానోరాకి కొత్త పొయ్యి కొన్నాడు, ఒకసారి ఇద్దరూ సముద్రం చూసొచ్చారు. అంతే. రొట్టెలమ్మడం మానలేదు. మానకపోవడం కూడా తప్పే అయింది. ఇంత డబ్బుండీ ఇంకా చిల్లర ఏరుకుంటున్నాడన్నారు కొందరు. మానేస్తే మనకు రొట్టెలెవరిస్తారని వాళ్ళకు తట్టలేదు. ఏనాడూ మొహం చూపని చుట్టాలు వచ్చి, చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని తిప్పామన్నారు. వాళ్ళలో ఒకడు ఆయన కన్నా చిన్నవాడు.

ఇవన్నీ ఆయన నవ్వుకుంటూ దాటేశాడు. దాటలేకపోయింది పేకాట బల్లనే. సతురియో జట్టు గెలిస్తే, ప్రిమితివో తన చిల్లర సంచీ విప్పి తన వంతు కాఫీ డబ్బులు నా ముందు పెట్టేవాడు. పక్క బల్లల వాళ్ళు ఊరుకుంటారా? ఉన్నమ్మ ఉన్నమ్మకే పెడుతుంది, లేనమ్మా ఉన్నమ్మకే పెడుతుంది అని దీర్ఘాలు తీసేవారు. సతురియో చెవులు ఎర్రబడేవి. నేను కడతానంటే ప్రిమితివో ఒప్పుకోడు, ఓడింది నేను కదా అంటాడు. ఆ కాఫీ సతురియో సగంలో వదిలేసి వెళ్ళిపోయేవాడు.

మరుసటి చలికాలం వచ్చేసరికి సతురియో జట్టు ఓడటం మొదలైంది. ఓడగానే ఎమెతెరియో చెయ్యి జేబు దాకా పోకముందే సతురియో మొత్తం కట్టేసేవాడు. ఎమెతెరియో మొహం గంటు పెట్టుకునేవాడు. నేను కాఫీలు పోస్తూ బల్ల చుట్టూ తిరిగే మనిషిని, నాకు నాలుగు చేతుల ముక్కలూ కనిపిస్తాయి. సతురియో మంచి ముక్కలున్నా సైగ చెయ్యడం లేదు. అది తప్పు కాదు కాబట్టి నోరు మెదపలేదు. ప్రిమితివో మాత్రం ఆ చలికాలమంతా మారాజులా తిరిగాడు. మోకాళ్ళ నొప్పి కూడా తగ్గిందన్నాడు.

ఫిబ్రవరిలో ఒకనాడు బయట మంచు పడుతోంది. ఆ రోజు సతురియో ఎంత ఊరుకున్నా ముక్కలు ఊరుకోలేదు, వాళ్ళ జట్టే ముందుంది. గెలుపు దగ్గరికొచ్చేసరికి ప్రిమితివో తెగించి ఓర్దగో అన్నాడు. అంటే ఆటంతా ఆ ఒక్క పందెం మీద పెట్టేయడం. ఎవరి దగ్గర పెద్ద ముక్కలుంటే వాళ్ళదే ఆట. ఎమెతెరియో దగ్గర పెద్దవి లేవు. సతురియో వంక చూశాడు. సతురియో చేతిలో మూడు రాజులున్నాయి, నా కళ్ళారా చూశాను. ఊరుకుంటే ఎమెతెరియో తెగించి ఒప్పుకుంటాడేమో, ఒప్పుకుంటే గెలుస్తారు, ప్రిమితివో మళ్ళీ ఆ చిల్లర సంచీ విప్పాలి. సతురియో కళ్ళు మూశాడు.

ఎమెతెరియో వద్దన్నాడు. ఆట సాగింది. ఆ కంగారులో సతురియో ఒకటి మరిచాడు. ఆ వెనక వచ్చే పందెం జతల మీద, అంటే ఒకే రకం ముక్కల మీద. దానికి ముందు జతలున్నాయో లేవో ఒక్కొక్కరూ పైకి చెప్పాలి, అక్కడ అబద్ధమాడితే చెల్లదు. గబీనో లేవన్నాడు. సతురియో వంతు వచ్చింది. ఉన్నాయి అన్నాడు.

కళ్ళు మూసినవాడి దగ్గర జతలెలా ఉంటాయి? ఎమెతెరియో లేచి, బల్ల మీదుగా చెయ్యి చాపి, సతురియో ముక్కలు తీసుకుని అందరికీ కనపడేలా పరిచాడు. మూడు రాజులు.

"పొద్దున లేస్తే మా ఆవిడ మొహం కన్నా నీ మొహమే ఎక్కువ చూశానురా నేను" అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్ళూ దాన్ని నమ్మే ఆడాను. ఇకమీదట ఏం చూసుకుని ఆడమంటావు?"

కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. అంతటితో అయితే ఇద్దరు స్నేహితుల పోట్లాట. కానీ ప్రిమితివో ఇంకా ఆ రాజుల్నే చూస్తున్నాడు.

"అయితే సతురియో," అన్నాడు, "ఈ చలికాలమంతా నేను గెలిచానే... అవన్నీ నువ్వు వేసిన ముష్టేనా?"

సతురియో పరిచి ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే బోర్లించాడు. కాదని ఉంటే బాగుండేది, కానీ ఆ రోజుకి ఆడిన అబద్ధం చాలనుకున్నాడేమో. ప్రిమితివో ఊతకర్ర వెతుక్కుని, కుంటుకుంటూ పోయాడు. పెళ్ళానికి ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఆ బల్ల ఖాళీ పడింది. ఎమెతెరియో ఇంటి తలుపుకి రొట్టె వేయమని తగిలించే సంచీ కనిపించడం మానేసింది. సతురియో ఆ ఇంటి ముందు హారన్ కొట్టేవాడు, కాసేపు చూసేవాడు, పోయేవాడు. మనిషి చిక్కిపోయాడు. రొట్టెలు తారుమారు చేసి, పళ్ళులేని ముసలావిడకు మాడిన రొట్టె ఇచ్చి తిట్లు తిన్నాడు. ఎమెతెరియో ఇంట్లో గదులు వెచ్చబెట్టే బాయిలరు చెడిపోయిందని విని, కొత్తది కొనిపెడితే కోపం పోతుందా అని నన్నడిగాడు. నాకు జాలీ వేసింది, చిరాకూ వేసింది. నీ పెళ్ళాన్ని అడుగు అన్నాను.

నికానోరా మాత్రం తడుముకోలేదు.

"ఏవయ్యా, బాయిలరూ వద్దు గీయిలరూ వద్దు. వాళ్ళింటికి రొట్టె ముక్క కూడా పట్టుకెళ్ళకు. ఉత్త చేతుల్తో వెళ్ళి గుమ్మంలో నిలబడు. ఏమీ ఇవ్వకుండా నిలబడటం నీకు చేతకాకుండా పోయింది, అదీ నీ రోగం."

వెళ్ళాడు. అక్కడ జరిగింది ఇద్దరూ నాకు వేరువేరుగా చెప్పారు, ఎవరికి వాళ్ళు నేనే ముందు మాట్లాడానన్నారు. ఒక్క చోట మాత్రం రెండు కథలూ కలిశాయి. గెలిస్తే సిగ్గేస్తోందిరా అన్నాడట సతురియో. సిగ్గేస్తే సిగ్గుపడు, కానీ గెలువు అన్నాడట ఎమెతెరియో.

ప్రిమితివో దగ్గరికి వెళ్ళడం అంతకన్నా కష్టమైంది. ఆయన తలుపు తీసి, విని, నీ క్షమాపణ నాకెందుకు, ముక్కలు సరిగ్గా ఆడు అని తలుపు వేసేశాడు.

మళ్ళీ నలుగురూ కూర్చున్న మొదటి రోజు బారులో మిగతా ఆటలన్నీ ఆగిపోయాయి. సతురియో పెదవి కొరికాడు, ఎమెతెరియో పందెం కాశాడు, గెలిచారు. ప్రిమితివో సంచీ విప్పి నాణేలు నా ముందు ఒక్కొక్కటే పెట్టాడు. కావాలనే అంత నెమ్మదిగా పెట్టాడు. సతురియో కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు. అడుగు దాకా తాగాడు.

వారం పదిరోజులు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం ప్రిమితివో మళ్ళీ ఓర్దగో అన్నాడు. సతురియో కళ్ళు మూశాడు. ఎమెతెరియో తన ముక్కల్ని నమ్ముకుని సరే అన్నాడు. పరిచి చూస్తే ప్రిమితివోవే పెద్దవి. ఆట అయిపోయింది, కానీ ప్రిమితివో మొహంలో సంతోషం లేదు. సతురియో చేతి వైపు చూస్తున్నాడు. సతురియో తన నాలుగు ముక్కలూ తిప్పి ఆయన ముందుకు జరిపాడు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ప్రిమితివో వాటిని వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూశాడు.

"వట్టి చెత్త" అన్నాడు.

తర్వాత టోపీ పెట్టుకుని లేచాడు. గెలిచిన కాఫీ కోసం కూడా ఆగలేదు, పెళ్ళానికి చెప్పాలని ఆ కుంటికాళ్ళతోనే గబగబా ఇంటికి పోయాడు.