తలకు చుట్టిన తువ్వాల

మొన్న ఆదివారం సిద్దిపేటలో మా చెల్లెలి ఇంట్లో, ఆమె మనవరాలి పెళ్లి పనుల గురించి అందరం కూర్చుని మాట్లాడుకుంటుండగా, ఫంక్షన్ హాలు అలంకరణ ఒప్పుకున్న అబ్బాయి పలకంత ఫోను ఒకటి చేత పట్టుకుని వచ్చాడు. పెళ్లికూతురు హాలు గుమ్మం నుంచి మండపం దాకా నడిచి వచ్చే ఆ రెండు నిమిషాలు ఏ పాట వేయాలో తేలిస్తే గాని, పొగ ఎప్పుడు వదలాలో పూలు ఎప్పుడు రాల్చాలో తనకు కుదరదన్నాడు. ఇక మొదలైంది. అతను ఒక్కో పాట పది క్షణాలు వినిపించడం, పిల్ల ఊ అంటే తల్లి ఊహూ అనడం, తల్లికి నచ్చింది తండ్రికి ముసలి పాటలా తోచడం, మధ్యలో రెండు దఫాలు చాయ్ తిరగడం. చివరికి ఆ పిల్ల విసిగిపోయి, నీ పెళ్లికి ఏం పాట పెట్టిన్రు అని నానమ్మనే అడిగింది. మా చెల్లెలు నా వైపు చూసింది. నేను తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను.

మా కుటుంబంలో అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది, అదే చెప్పాను: మా అమ్మ పుట్టిన ఊరు చింతమడక పాట పెట్టారని. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ పాట అప్పుడు మోగవలసింది కాదు. అది అట్లా ఎందుకు మోగిందో యాభై ఏళ్లుగా నాకూ, ఎప్పుడో వెళ్లిపోయిన ఒక బ్యాండు మాస్టరుకూ తప్ప ఎవరికీ తెలియదనుకుంటూ ఇన్నాళ్లూ బతికాను. ఇప్పుడు చెప్పేస్తే పోయేదేమీ లేదు గనుక, నా ఈడు వాళ్లు చదువుతారనే ధైర్యంతో చెబుతున్నాను.

అప్పట్లో మేము మిరుదొడ్డిలో ఉండేవాళ్లం. నేను రాయపోల్ బడిలో పంతులుగా చేరి ఏడాది కూడా కాలేదు. మొదటి జీతాలతో రెండు టెర్లిన్ చొక్కాలు కుట్టించుకుని, తల మీద క్రాపు అల్లంత ఎత్తు లేపి, చేతిలో దువ్వెన లేకుండా గడప దాటని రోజులవి. బడి పిల్లలు నా క్రాపుకు వెనుక ఏదో పేరు పెట్టారని తెలుసు గాని, అదేమిటో తెలుసుకునే సాహసం చేయలేదు. చెల్లెలి పెళ్లికి ముహూర్తం పెట్టాక, చదువుకున్నవాడిని కదా అని మా బాపు నాకు అప్పగించిన ఏకైక పెత్తనం బ్యాండు మేళం. సిద్దిపేట వెళ్లి మాట్లాడి రావడం, ఏ సందర్భానికి ఏం వాయించాలో చెప్పి రావడం, పెళ్లినాడు దగ్గరుండి వాయింపించడం, మూడూ నావే. కలెక్టరు ఉద్యోగం వచ్చినా అంత గర్వపడి ఉండను.

బాపుకు సన్నాయి తప్ప మిగతాదంతా గోల. నా స్నేహితులకు అప్పుడే వచ్చిన సినిమా పాటలు కావాలి. చెల్లెలికి తాను లోపలి నుంచి పందిట్లోకి వచ్చేటప్పుడు హుషారైన పాట ఉండాలి, తలవంచుకుని ఏడుస్తూ రానని ముందే చెప్పింది. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. అప్పగింతలప్పుడు, తనను చింతమడక నుంచి అత్తగారింటికి పంపుతూ వాళ్ల అమ్మ పాడిన పాట మోగాలి. ఆ పాట ఏ రికార్డులోనూ లేదు, ఆ వాడకట్టు ఆడవాళ్ల నోళ్లలో తప్ప. అమ్మ పొయ్యి ముందు కూర్చుని నాకు నేర్పించింది. నా గొంతు సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ నన్ను పాడమనరు. అయినా వరుస మరిచిపోతానేమోనని మిరుదొడ్డిలో బస్సెక్కినప్పటి నుంచి సిద్దిపేటలో దిగేదాకా కూనిరాగం తీస్తూనే కూర్చున్నాను. పక్కనున్నాయన దుబ్బాకలో సీటు మారాడు.

బ్యాండు మాస్టరు పొట్టిగా, చెవుల మీద వెంట్రుకలతో, ఎప్పుడూ తమలపాకు నములుతూ ఉండే మనిషి. నా కూనిరాగం నాలుగుసార్లు ఓపికగా విని, ఐదోసారి క్లారినెట్ నోట పెట్టుకుని ఆ వరుసను ఎంత చక్కగా పట్టుకున్నాడంటే, మా అమ్మమ్మే ఆ దుకాణంలోకి నడిచి వచ్చినట్టనిపించి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడాయనే ఒక చిక్కు చెప్పాడు. డోళ్ల మోతలో, పందిట్లో నుంచి ఎవరేం అరిచినా తమకు వినబడదట, అందుకని గుర్తులు పెట్టుకోవాలట. నేను భుజాన తువ్వాల వేసుకుని తిరుగుతుంటే మామూలు వాయింపు. తువ్వాల ఎత్తి ఊపితే పెళ్లికూతురు వస్తోందని హుషారు పాట. అప్పగింతలకు ఏ గుర్తు బాగుంటుందా అని ఇద్దరం ఆలోచిస్తుండగా, ఆయన నా తల వైపు చూసి నవ్వాడు.

"నీ క్రాపు జూస్తే నువ్వు తలకు తువ్వాల చుట్టేటోనివి గాదు సారూ. గందుకే గదే గుర్తు వెట్టుకుందాం, తప్పు వోయేది ఉండది" అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం రాకపోగా మెచ్చుకోలుగా తోచింది. ఇంటికి వచ్చి ఈ గుర్తుల సంగతి చెల్లెలికి ఒక్కదానికే చెప్పాను, హుషారు పాట మోగగానే బయలుదేరాలి గనుక.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. అమ్మకు తోడబుట్టినవాడు ఆయన ఒక్కడే, ఆమె కన్నా ఏడేళ్లు పెద్ద. అమ్మ అత్తగారింటికి వచ్చిననాడు ఆమె ఏడుపు మానకపోతే, బండెక్కకుండా చింతమడక నుంచి మా ఊరిదాకా బండి పక్కనే ఆమె చెయ్యి పట్టుకుని నడిచి వచ్చాడట. అటువంటి మనిషి రెండేళ్లుగా మా గడప తొక్కలేదు. మా చెల్లెలిని తన కొడుక్కు చేసుకోవాలని ఆయనకు చిన్ననాటి నుంచీ ఉండేది. మా బాపు ఆ సంగతి తెలిసీ, ఒక్కమాట అడగకుండా వేరే సంబంధానికి మాటిచ్చేశాడు. పిల్లనివ్వలేదన్న బాధ కన్నా, తనను అడగలేదన్న బాధే ఆయనకు ఎక్కువ. పెళ్లి చెప్పడానికి అమ్మ, బాపు చింతమడక వెళ్లిననాడు ఆయన పొలం దగ్గరి నుంచి ఇంటికి రానే లేదు. అమ్మ వదినకు బొట్టు పెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని తిరిగి వచ్చింది. పెళ్లికూతురిని పందిట్లోకి చెయ్యి పట్టి తీసుకురావలసింది మేనమామ. ఆయన రాకపోతే నలుగురిలో చిన్నతనం అన్నది తర్వాతి మాట, అమ్మకు పుట్టిల్లు అనేదే లేకుండా పోతుందని మాకు భయం.

పెళ్లి పట్టపగలు, అభిజిత్ లగ్నం. ఎండలు ముదిరిన రోజులు. అత్తమ్మ పొద్దున్నే వచ్చింది. మామ కూడా వచ్చాడు, కాని పందిట్లోకి రాలేదు. బాట పక్కన బ్యాండు వాళ్లు నిలబడ్డ వేపచెట్టు కిందే, చంకలో చీర మూట పెట్టుకుని, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. బాపు వరుడి కాళ్లు కడిగే తంతులో పీటల మీద చిక్కుకుపోయాడు. పిల్లను తీసుకురమ్మని పెళ్లి జరిపించే అయ్యగారు కేకేస్తున్నాడు. వరసకు మామ అయ్యే ఇంకొకాయన, తాను తీసుకొస్తానని అప్పటికే కండువా సర్దుకుంటున్నాడు. నేను వేపచెట్టు దగ్గరికి పరుగెత్తి మామను బతిమాలాను.

"మీ అవ్వ పిలిస్తే వస్త. నువ్వు పిలిస్తే గాదు అల్లుడా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

లోపలికి, అమ్మ దగ్గరికి పరుగెత్తాను. అమ్మ చెల్లెలి పక్కన నిలబడి ఆమె పూలజడ సర్దుతోంది. "ఇంటికి వొయ్యి వదినెకు బొట్టువెట్టి వచ్చిన. సొంత అన్నకు ఇంకెన్నిసార్ల పిలుపు?" అంది. ఇద్దరిదీ ఒకటే రక్తం అని నాకు అప్పుడు తెలిసి వచ్చింది.

బయటికి వచ్చి వాకిట్లో ఎండలో నిలబడ్డాను. అటు పోవడానికి కాళ్లు రావడం లేదు, ఇటు పోవడానికి మొహం లేదు. రెండు పరుగులకు క్రాపుకు రాసిన నూనె అంతా చెమటతో కలిసి కళ్లలోకి కారుతోంది. కళ్లు మండిపోతుంటే భుజాన ఉన్న తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాను. ఆ తర్వాత చేతులు వాటి పని అవి చేశాయి. మా ఊళ్లో ఎండన పడ్డ ఏ మగవాడైనా ఏం చేస్తాడో అదే చేశాను, తువ్వాలను తలకు చుట్టుకున్నాను.

వేపచెట్టు కింద క్లారినెట్ లేచింది. మా అమ్మమ్మ పాట.

పిల్ల లోపలి నుంచి రానేలేదు, అప్పుడే అప్పగింతలు. తువ్వాల లాగేయాలని చెయ్యి తల మీదకు పోయింది. అంతలో మామ కనిపించాడు. ముఖం ఇటు తిప్పి, బ్యాండు వైపు చూసి, నేను బయటికి వచ్చిన మా గుమ్మం వైపు చూశాడు. చంకలో మూట జారబోతే పట్టుకున్నాడు. వెంటనే నడక మొదలుపెట్టాడు. నన్ను దాటి, పందిట్లో కూర్చున్నవాళ్లను దాటి, ఎవరి పలకరింపూ వినకుండా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, ఆ పాట విని అమ్మ కూడా గడపలోకి వచ్చింది. అమ్మ ఆయన భుజం మీద తల పెట్టి, పెళ్లి అన్న సంగతి కూడా మరిచిపోయి ఏడ్చింది. మామ ఆమె తల నిమిరి, మూట ఆమె చేతిలో పెట్టి, మా చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు.

నేను తలమీది చెయ్యి దించేశాను. చెల్లెలు పీట మీద కూర్చునేదాకా తువ్వాల తీయలేదు. చింతమడక నుంచి వచ్చిన ఆడవాళ్లంతా బోరుమన్నారు. ఏం జరిగిందో తెలియని మగపెళ్లివారు ముందు కంగారుపడి, తర్వాత తోడు ఏడ్చారు. వరుడి అమ్మమ్మనైతే ఎవరూ ఆపలేకపోయారు. సాయంత్రం అసలు అప్పగింతలకు బ్యాండు మాస్టరు అదే పాట మళ్లీ ఎత్తుకున్నాడు గాని, అప్పటికి ఎవరి దగ్గరా కన్నీళ్లు మిగల్లేదు. చెల్లెలు నా తలకు అతుక్కుపోయిన క్రాపు చూసి, నవ్వుతూ బండెక్కింది.

ఆ తర్వాత మామ ఊరంతా చెప్పుకున్నాడు, తన చెల్లె పాటతోటి తనను పిలిపిచ్చిందని. నేను అమ్మ దగ్గరి నుంచే వచ్చాను కదా, ఆమే చెప్పి పంపిందనుకున్నాడు. అమ్మ కూడా వచ్చిన చుట్టానికల్లా చెప్పేది, మా అన్న బ్యాండు వాళ్ల పక్కనే నిలబడి గా పాట కొట్టిపిచ్చిండని. ఒకరు చెబుతుంటే ఇంకొకరు కాదనలేదు. ఎదుటివాళ్లు ఇచ్చే మెప్పును ఎవరు వద్దంటారు? మామ కొడుకు పెళ్లికీ ఆ బ్యాండే వచ్చింది. మాస్టరు నన్ను చూసి కన్ను గీటి, తన తలను తట్టుకున్నాడు. నేను చెయ్యెత్తి దండం పెట్టాను. ఆ రోజు మొదలు అమ్మ, మామ పోయేదాకా ఒకరి ఇంట్లో పండిన తొలి పంట ఇంకొకరి ఇంటికి చేరకుండా ఏ ఏడూ గడవలేదు. ఆ కలయిక నా వల్లనే అని చెప్పుకోలేను, నా వల్ల కాదని అనుకోలేను. దేవుడో, ఎండో, మాస్టరు వేళాకోళమో, ఎవరికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెడుతూ వచ్చాను.

మొన్న ఆ అలంకరణ అబ్బాయి వెళ్లిపోయాక, పిల్ల తనకు నచ్చిన పాటే ఖాయం చేసుకుని లోపలికి పోయాక, చాయ్ గ్లాసులు తీస్తూ మా చెల్లెలు నా పక్కన ఆగింది.

"నాకెరికే అన్నా. నువ్వు తువ్వాల చుట్టుకునుడు నేను కిటికీలకెల్లి జూసిన" అంది.

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే ఎవరు ఎవరిని పిలిచినట్టని తిరిగి నన్నే అడిగింది. గ్లాసులు తీసుకుని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"నువ్వు యాడ తీస్తవో అని నా పానం కొట్టుకున్నది. తియ్యలే నువ్వు."

యాభై ఏళ్లు ఒంటరిగా మోశాననుకున్న ముచ్చటను అవతలి కొస పట్టుకుని మా చెల్లెలు కూడా మోసిందని తెలిస్తే, ఈ వయసులో అంతకన్నా ఏం కావాలి.

వచ్చే నెల పెళ్లి. ఆ పిల్ల ఎంచుకున్న పాట బాగానే ఉంది, నాకూ నచ్చింది. వేలితో ఒక్కసారి తాకితే సరిగ్గా చెప్పిన క్షణానికి మోగుతుందట, ఇక పొరపాటుకు చోటే లేదట. మంచిదే. నేను మాత్రం ఆనాడు భుజాన తువ్వాల వేసుకునే పోతాను. హాల్లో ఏసీ ఉంటుంది, చెమట పట్టదు. క్రాపు అసలే లేదు. తువ్వాల ఊపినా, తలకు చుట్టుకున్నా, నా వైపు చూస్తూ నిలబడేవాళ్లు అక్కడెవరూ ఉండరు, మా చెల్లెలు తప్ప.