పిన్నీసులు లేని స్కార్ఫ్

డబ్లిన్‌లో చదువుకున్న ఏడాది, ఆ ఊరి శివారు లూకన్‌లో నాతో అద్దెకున్న ఇటలీ అమ్మాయి, పాలు తేవడానికి వెళ్లినా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో పచ్చ స్కార్ఫ్ వేసుకునేది. చూసి ఓర్వలేక నేనూ అలాంటిదే కొన్నాను. క్లాసువాళ్ల విందులో ఆ ఒక్కసారైనా ఆమె పక్కన వెలవెలబోకూడదని, చున్నీకి పెట్టినట్టే రెండు భుజాలకూ పిన్నీసులు పెట్టుకున్నాను.

గుమ్మంలో ఆమె పకపకా నవ్వింది. "దానికి సంకెళ్లు వేశావేంటే?" అంటూ పిన్నీసులు తీసేసింది.

"గాలికి పోతుందే!"

"పోతే పోనీ. స్కార్ఫేగా!"

బస్టాపు దాకా నాదాన్ని రెండు చేతులా పట్టుకునే నడిచాను. ఆమెది జెండాలా ఎగురుతోంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, ఆమె అటు చూడనైనా లేదు.

తర్వాత స్కార్ఫులు చాలా కొన్నాను. జేబుల్లోని ఆ చేతులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.