నురుగే సరుకు

ఇంట్లో అందరూ ఆమెను తొందరమ్మ అంటారు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టిందని వదిన వేళాకోళం. పెద్ద ఈస్టు ఫ్యాక్టరీలో ట్యాంకులు కాస్తూ ఆమె వయసంతా గడిచింది. అక్కడ నురుగు లేచిందంటే కొంప మునిగినట్టే. గరిటెడు మందు పోసి నురుగును అణచడమే ఆమె పని. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక అన్నావదినల షెడ్డులో చేరింది.

ఇక్కడ అంతా తలకిందులు. ట్యాంకులోని బ్యాక్టీరియా చక్కెర నీళ్లు తాగి, జిడ్డు వదలగొట్టే సబ్బులాంటి పదార్థం తయారు చేస్తుంది. అది నురుగుతోపాటు పైకి లేచి, గొట్టంలోంచి డ్రమ్ములోకి దిగుతుంది. నూనె ట్యాంకులు కడిగేవాళ్లు దానికోసమే ఎగబడతారు. మందు పడిందా, సరుకులో కలిసిపోతుంది, ఇక ఎవరూ ముట్టుకోరు. "ఒక్కసారి మందు పోశావంటే ఇంట్లో కూర్చోవాలి," అని అన్న ముందే ఖరాఖండిగా చెప్పాడు. పని లేకుండా ఇంట్లో కూర్చోవడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే.

ఆ మధ్యాహ్నం గొట్టం పూడుకుపోయింది. ట్యాంకు గాజు కిటికీ తెల్లబడింది. ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. ట్యాంకులోకి ఊదే గాలి తగ్గించినా ఆగలేదు. మూత అంచున బుస్సుమని చప్పుడు మొదలైంది.

"వదినా! గొట్టం పూడిపోయింది!"

"గాలి పూర్తిగా కట్టెయ్! మందు జోలికి పోకు, వస్తున్నా!" పక్క గదిలోంచి వదిన అరిచింది.

ఆ మాట చెవిన పడేలోపే చెయ్యి పాత అలవాటు కొద్దీ పక్కనున్న మందు సీసాను ట్యాంకులోకి వంచేసింది. నురుగు కుంగింది. ముల్లు దిగింది. హమ్మయ్య అనుకుంది. మరుక్షణం సరుకంతా పాడుచేశానని తెలిసొచ్చింది.

వదిన వచ్చి కిటికీలోకి చూసి నుదురు కొట్టుకుంది. ఆమె చేతిలోని సీసా లాక్కుంది. అంతలో అన్న రానే వచ్చి, కుంగిన నురుగు చూశాడు.

"ఎవరు పోశారు?"

"నేనే. కంగారులో పోసేశా," అంది వదిన, తొందరమ్మ కాలు తొక్కుతూ.

తొందరమ్మ నోరు మూసుకుంటే చాలు, పని దక్కుతుంది. కానీ ఏ తప్పూ చేయని వదిన అలా తల వంచుకుని నిలబడితే చూడలేకపోయింది.

"వదిన కాదన్నయ్యా. నేనే."

అన్న డ్రమ్ము మీద మూత బిగించాడు. "రేపట్నుంచి రాకమ్మా," అన్నాడు మెల్లగా.

"నన్ను అబద్ధం కూడా ఆడనివ్వవటే నువ్వు!" అంటూ వదిన ఆమెను పట్టుకుని భోరుమంది.