పాదిరీ దొర రిజిస్టరుకు బొట్టు

సింగపూర్ వచ్చిన కొత్తలో నాకు రెండే భయాలు. ఒకటి మా మేనేజర్, రెండు వర్క్ పాస్. ఐటీ మంచి ఊపు మీదున్న రోజులే గానీ, ఉద్యోగం ఊడితే నెల తిరక్కుండా పెట్టె సర్దుకోవాల్సిందే.

అప్పుడు మా కంపెనీకి ఒక పాత మిషన్ స్కూలు వెబ్‌సైటు పని వచ్చింది. ఆ ఆడపిల్లల బడి పెట్టిన ఇంగ్లీషు పాదిరీ దొర జీవితకథ అందులో ఎక్కించాలి. దొర స్వహస్తాలతో రాసిన అడ్మిషన్ రిజిస్టరును లైబ్రరీ చూసే ముసలి టీచరమ్మ సంతకం పెట్టించుకుని మరీ నాకిచ్చింది. తొలి ఏడాది పదకొండు మంది పిల్లలు. వాళ్లలో ఒక్కతే మన దేశం పిల్ల. ఆ పేరు కొట్టేసి, పక్కన ‘జ్వరం’ అని రాశాడు దొర. అక్కడ సిరా అలుక్కుపోయింది.

పని తెమలక రిజిస్టరును టోవా పాయోలో నేను అద్దెకుంటున్న గదికి తెచ్చుకున్నాను. ఇంటి ఆంటీ తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆ రోజు ఆయుధ పూజ. నేను స్నానం చేసి వచ్చేసరికి కత్తెరకీ, కుట్టుమిషనుకీ, నా పుస్తకాలకీ పసుపు కుంకుమలు. వాటి మధ్యలో దొర రిజిస్టరు. మొదటి పేజీ తెరిచి, ఆయన సంతకం పక్కనే బొట్టు పెట్టింది మహాతల్లి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“అదీ చదువు పుస్తకమే కదా అమ్మాయ్. దానికొక్కదానికే పెట్టకపోతే సరస్వతమ్మకి కోపం రాదూ?” అంది.

దూదితో అద్దాను. రెండు రోజులు కిటికీ దగ్గర ఎండలో పెట్టాను. పసుపు వెలిసింది గానీ కుంకుమ మరక పోలేదు. అలాగే తీసుకెళ్లి తిరిగిచ్చాను. టీచరమ్మ ఆ మరకనే చూస్తోంది. నిజం చెబుదామనే నోరు తెరిచాను.

“ముందే ఉంది మేడమ్. మావాళ్లు కొత్త పుస్తకానికి అలా బొట్టు పెడతారు. ఏ తండ్రో పెట్టుంటాడు.”

ఆవిడ కళ్లు చెమర్చాయి. వారంలో ఆ తండ్రి గురించి పేజీ నిండా రాసిచ్చింది. దొర జీవితకథలో దాన్ని ఎక్కించింది నేనే. పాస్ రెన్యూ అయింది.

ఇప్పుడు మా అమ్మాయి ఆ బళ్లోనే చదువుతోంది. మొన్న స్కూలు పండగకి వెళ్తే రిజిస్టరు గాజుపెట్టెలో ఉంది. ఆ మరక అంత పాతది కాదని ఎవరైనా పోల్చుకుంటారేమోనని నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. మా అమ్మాయి గాజు మీద వేలు జరుపుతూ, కొట్టేసిన పేరు దగ్గర ఆగింది.

“ఈ గర్ల్ వాళ్ల డాడీయే కదా మమ్మీ, బొట్టు పెట్టింది? సో శాడ్ లా,” అంది సింగపూర్ పిల్లల యాసలో.

అవునన్నాను.