పొగ రాని సైలెన్సరు

మంగళగిరిలో ఏదో కంప్యూటరు ఆఫీసులో పనిచేసే మా మనవరాలూ, ఆమె మొగుడూ కలిసి ఈమధ్య ఒక పాత డీజిలు వ్యాను కొన్నారు. అందులో మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చిన్న ఫ్యాను అన్నీ బిగించుకుని, శని ఆదివారాలు ఎటో వెళ్ళి అందులోనే పడుకుని వస్తారట. చక్కటి ఇల్లుండగా వ్యానులో పడుకోవడమేమిటని నేనడగలేదు, ఈ వయసులో మనం అడగవలసినవి రోజురోజుకీ తగ్గుతున్నాయి కదా. పోయిన వారం దాని సైలెన్సరు తుప్పుపట్టి ఊడిపోయిందని, కొత్తది ఏది పెట్టించాలో చెప్పమని నా ఫోనుకి బొమ్మలు పంపింది. ఒకటి కంపెనీదట, ఒకటి తుప్పు పట్టని స్టీలుదట, ఇంకొకటి గంభీరంగా మోగుతుందట. మీరు వ్యానులోనే పెరిగారుగా తాతయ్యా, మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అని కింద రాసింది.

పెరిగిన మాట నిజమే. మాది దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. మా తాత భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగాడు, మా నాన్న కాస్త ముందుకెళ్ళి ఏకే మిషను కొని, దాన్ని మోయడానికి ఎవరో వదిలించుకున్న పాత వ్యాను కొన్నాడు. పత్తి తీతలు అయిపోయి, రైతుల చేతిలో నాలుగు డబ్బులాడి, పెళ్ళి మాటలు మొదలయ్యే వేళకి పిడుగురాళ్ళ వైపు నుంచి బయలుదేరి కనిగిరి మెట్ట దాకా తిరిగేవాళ్ళం. ఏ ఊళ్ళో ఏ బడిగోడ పక్కన ఆపితే వారం పదిరోజులు అదే మా ఇల్లు, మిషను కిందకి దించి నీడన పెడితే, దూది బస్తాల మీద నేనూ మా చెల్లెలూ దొర్లేవాళ్ళం. అంత మెత్తటి పడక ఆ ఊరి మోతుబరికి కూడా ఉండదని మాకు లోలోపల చాలా గర్వంగా ఉండేది.

పాత పరుపులు విప్పడం అమ్మ పని. ఏళ్ళ తరబడి మనుషులు పడుకుని గడ్డకట్టిన దూదిని చేత్తో పీకి, దులిపి, మిషనుకి అందించేది. సాయంత్రానికి ఆమె జుట్టూ కనుబొమలూ తెల్లబడి ముసలమ్మలా కనబడితే మేం పకపకా నవ్వేవాళ్ళం, ఆమె కూడా మాతో కలిసి నవ్వేది.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మన వైపు మిరపకాయల రోజుల్లో దగ్గని మనిషి ఎవరు? కల్లాల్లో కాయలు ఆరబోసి తొడాలు తీస్తుంటే ఊరు ఊరంతా తుమ్ముతూ దగ్గుతూనే మాట్లాడుకుంటుంది, దాన్ని ఎవరూ జబ్బు కింద జమకట్టరు. అమ్మకి కూడా ఘాటు పట్టిందన్నారు, కాస్త బెల్లం ముక్క నోట్లో వేసుకోమన్నారు. కానీ ఆ ఏడు కనిగిరి మెట్టకి చేరాక, కనుచూపు మేర ఒక్క కల్లం లేని చోట కూడా ఆమె దగ్గు తగ్గకపోయేసరికి మా నాన్న చూపు సైలెన్సరు మీద పడింది. దానికి చిల్లులు పడి, బండి నడుస్తున్నంతసేపూ కింది చెక్కల సందుల్లోంచి పొగ లోపలికొచ్చేది. మా మేనమామ సంగతి విని వచ్చి, ఆ పొగలో మా చెల్లెల్ని చంపుతావా బావా, మా ఇంట్లో దించెయ్ అని నిలదీశాడు. అమ్మ లేకుండా మా నాన్న ఒక్క పూట గడపలేడు, దాన్ని ప్రేమ అనడం మాత్రం ఆ రోజుల్లో ఎవరికీ అలవాటు లేదు. పొగ రాని సైలెన్సరు పెట్టిస్తాను, అప్పటికీ తగ్గకపోతే నువ్వే తీసుకెళ్ళు అని మాటిచ్చాడు.

అందుకని పనులు మానుకుని అందరం గుంటూరు వచ్చాం. కొట్లలో, కంపెనీది కావాలంటే నెలరోజులు ఆగాలన్నారు, పాత లారీ నుంచి కోసి తీసిందయితే ఇప్పుడే బిగిస్తామన్నారు, లేకపోతే కొత్త రేకుతో చేయించుకోమన్నారు. మా నాన్న పిల్లను చూడటానికి వచ్చినవాడిలా ఒక్కో సైలెన్సరునీ ఎత్తి, తట్టి, బీడీ వెలిగించి ఒక కొసలోంచి పొగ ఊది, అతుకుల్లోంచి ఎక్కడైనా బయటికొస్తోందేమోనని కళ్ళు చికిలించి చూసేవాడు. కొట్టువాళ్ళు విసుక్కున్నారు. చివరికి కొత్త రేకుతో చేయించి, గొట్టాన్ని ట్రాక్టరుకి ఉన్నట్టు వ్యాను వెనకనుంచి కప్పు పైదాకా లేపించాడు. "ఏం సాయిబు గారూ, లోపల వంటిల్లు గానీ పెట్టారా?" అని వెల్డింగు ఆయన ఆటపట్టించాడు. మా నాన్న నవ్వలేదు.

ఆ గొట్టం చూసి ప్రతి ఊళ్ళోనూ జనం ముక్కున వేలేసుకున్నారు. లోపలికి మాత్రం పొగ పిసరయినా రాలేదు. అమ్మ సంబరంగా, ఇప్పుడు హాయిగా ఉందండీ అని అందరి ముందూ చెప్పింది, మా నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాతి ఊళ్ళో వ్యాను ఆపి రెండు రోజులైంది, ఇంజను చల్లగా ఉంది, పరుపులు విప్పే పని జోరుగా సాగుతోంది. నేను నీళ్ళు తేవడానికి బడి వెనక్కి వెళ్తే, అమ్మ గోడకి చెయ్యి ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా దగ్గుతోంది. నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపింది. తెలిస్తే మేనమామ ఇంటికి పంపేస్తారని ఆమె భయం. నేనెవరికీ చెప్పలేదు, అయితే మా నాన్నకి తెలియలేదని మాత్రం నేననుకోను. ఆ మర్నాటి నుంచి ఆమె ముక్కుకి తడిగుడ్డ ఆయనే కట్టేవాడు, కట్టి, ఈ రేకు నాసిరకందిలా ఉందే, ఇంకోటి చూడాలి అనేవాడు. నిజంగానే మళ్ళీ ఏడు ఇంకో సైలెన్సరు మార్చాడు, ఆ తర్వాత మరొకటి. బండికున్నది మార్చడం ఆయన చేతిలో పని, కూడు పెట్టే దూదిని మార్చడం కాదు.

అమ్మ ఊపిరందక పోయింది, అప్పటికి దూది దులిపేస్తే ఆమె జుట్టు ఇంకా నల్లగానే ఉంది.

మనవరాలికి, ఏదయినా ఫరవాలేదమ్మా, పొగ లోపలికి రానిది చూసుకో అని చెప్పాను. గంభీరంగా మోగేదే పెట్టించుకుంటుందిలెండి. అమ్మ పోయిన కొన్నేళ్ళకి ఫోము పరుపులొచ్చాయి, మా నోట్లో మట్టి కొట్టాయని మావాళ్ళు ఇప్పటికీ తిడతారు, పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు నేనూ వాళ్ళతో తలూపుతాను. ఇప్పుడు మా ఇళ్ళలో దూది ఏకే మనిషీ లేడు, అలా దగ్గే మనిషీ లేడు. దూది పరుపు సుఖం తెలిసిన మీ అందరిలాగే నడుం వాల్చినప్పుడల్లా నాకూ ఆ మెత్తదనం గుర్తొస్తుంది. కానీ ఆ దిక్కుమాలిన ఫోము పదేళ్ళు ముందొచ్చి ఉంటే మా నాన్నకి పని పోయేది, మా అమ్మ ఇంకొన్నాళ్ళు ఉండేది.