కాళ్ళకు చాలని గుడ్డ

మా మామ పోయాడని చెప్పడానికి వచ్చిన మనిషి, ఆ మాట వెంటనే, కంపెనీవాళ్ళు గుడ్డ కూడా పంపించారని చెప్పాడు. మొదటి మాటకు ఏడుపు రావలసింది. రెండో మాట విన్నాక ఒళ్ళు మండిపోయి ఏడుపు ఎటు పోయిందో తెలియలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మంట చల్లారలేదు. ఇందులో మామ ఎంత ఉంటాడో నా కోపమూ అంతే ఉంటుంది, చదివేవాళ్ళు మన్నించాలి.

మామ అంటే మా అమ్మకు అన్న. కర్నూలు జిల్లాలో మా నేతవీధిలో, కాళ్ళు గుంటలోకి దించి తొక్కే గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. అడ్డదారం మోసే నాడె విసరడం నాకు నేర్పింది ఆయనే. నేను నాలుగు అక్షరాలు నేర్చి నందికొట్కూరులో బడిపంతులునయ్యాక కూడా, ఊరికి వస్తే ముందు ఆయన గుంట పక్కనే చతికిలబడేవాణ్ణి. "ఏమప్పా, తింటివా?" అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా తొక్కుడు ఆపేవాడు. తిన్నానంటే మళ్ళీ కాళ్ళు ఆడేవి. తినలేదంటే గుంటలోంచే అత్తను కేకేసేవాడు.

నేత తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. నిలువుగా పోయే దారాలను పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పడుగును వీధంత పొడుగున సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఎండ ముదరకముందే అది ముగియాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు, ఇరుగుపొరుగంతా చెరో పక్కా నడుస్తూ దువ్వుతారు. మా వీధి చివర దీనికోసమే ఒక బయలు, ఆ బయలులో గంజికి నీళ్ళు తోడుకునే బావి ఉండేవి. అది ఎవరి సొత్తని ఎవరూ ఎవరినీ అడిగి ఎరగరు.

పత్తికొండ వైపు నుంచి బండ్లలో వచ్చే దూదిని బేళ్ళు కట్టే కంపెనీ ఒకటి వచ్చి ఆ బయలు కొన్నది. ఎవరు అమ్మారో, అమ్మే హక్కు వాళ్ళకెక్కడిదో గోడ లేచేదాకా మాకు తెలియనే లేదు. బావి గోడ లోపలికి పోయింది. పడుగులు బండ్లదారి మీదికి వచ్చాయి. గంజి తడి ఆరకముందే కంపెనీ బండ్లు వచ్చేవి. పడుగు ఎత్తమని బండివాళ్ళు కేకలు పెట్టేవాళ్ళు. తడి మీద ఎత్తితే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ నూలు మగ్గం ఎక్కితే తెగడమే తెగడం. మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మూలబడ్డాయి.

ఒక పొద్దున మామ వీధివాళ్ళను వెంటబెట్టుకుని పోయి, కంపెనీ గేటుకు అడ్డంగా పడుగు సాచాడు. కొట్లాట లేదు, తిట్లు లేవు. కుంచెలు తీసుకుని దువ్వుకుంటూ ఉన్నారు, అంతే. సాచిన పడుగును తొక్కుకుంటూ పోవడం మా వైపు ఎవరూ చేయని పని. బండివాళ్ళు ఎద్దులను విప్పి చెట్ల కింద కూర్చున్నారు. లోపలి ఏజెంటు బయటికి వచ్చి ఎంత అరిచినా ఒక్కడూ కాడి ఎత్తలేదు. పొద్దెక్కి గంజి ఆరేదాకా మామ వాళ్ళ వైపు తిరిగి చూడలేదు.

ఆ ఎండాకాలంలోనే కంపెనీకి మామీద ప్రేమ పుట్టింది. గోడకు ఆనించి చలివేంద్రం వేశారు. ఎర్రకుండలు, పందిరి, పైన కంపెనీ పేరుతో పెద్ద బోర్డు. కుండల్లో నీళ్ళు ఎక్కడివి? మా బావివే. పందిరి తెరిచిన రోజున ఏజెంటు ఉపన్యాసం ఇస్తుంటే మామ లేచి అడిగాడు.

"ఎందుకప్పా ఈ నీళ్ళు పోస్తాండారు?"

"ఊరికి మంచి జెయ్యాలని. మీరు మమ్మల్ని మంచిగా చూస్తే మా పనీ సులువుగా సాగుతాది."

"శానా బాగా చెప్పినావు. మంచిగా చూడాలంటే ఈడ గోడ అడ్డముండాది గదప్పా. బయలు ఇడిసిపెట్టు, కండ్లారా చూస్తాము."

అందరూ నవ్వారు. ఏజెంటూ నవ్వాడు. నవ్వి, బయలు సంగతి ఎత్తకుండా కుండ మూత తీశాడు. మావాళ్ళంతా వరసలో నిలబడ్డారు. మామ కూడా నిలబడి కడుపునిండా తాగాడు. నాకు చిర్రెత్తింది. "నువ్వెందుకు తాగినావు?" అని నిలదీశాను.

"నీళ్ళు మనయి. తాగనీకేమి? దండం మాత్రం పెట్టను" అన్నాడు.

ఆయనకు మంచిచెడ్డలు తెలియవని కాదు. అత్తకు జ్వరం ముదిరినప్పుడు కంపెనీ పెట్టిన వైద్యుడే మందిచ్చి నిలబెట్టాడు. మామ తన చేత్తో నేసిన తువ్వాలు పట్టుకుపోయి ఆ వైద్యుడికి కప్పి వచ్చాడు. ఇంకా కోపంగా ఉన్న నన్ను చూసి, "ఇచ్చేది తప్పని నేను అనలేదప్పా. మనం అడిగింది ఒకటి, వాళ్ళు ఇస్తాండేది ఒకటి. ఇది తీసుకోని అది మరిసిపోమంటాండారు, ఆడ నాకు కుదరదు" అన్నాడు.

తర్వాత పండగలకు గుడ్డల పంపకం మొదలైంది. పేదల ఇళ్ళలో ఎవరైనా పోతే పైన కప్పడానికి మిల్లు గుడ్డ పంపడమూ మొదలైంది. కంపెనీవారు ధర్మప్రభువులని పత్రికలో పడింది. గోడ గురించి మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు, చివరికి మామ ఒక్కడే మిగిలాడు. ఏదో ఒకటి ఇస్తున్నారు కదా, ఇవ్వనివాళ్ళకంటే నయం కదా అని కర్నూలులో నా స్నేహితులు ఇప్పటికీ అంటారు. అయ్యా, నా కంచం లాక్కున్నవాడు నా చేతిలో పిడికెడు మెతుకులు పెడితే, వాడి చెయ్యి ఎంత మెత్తగా ఉందో మెచ్చుకోవాలా? కంపెనీలు ధర్మం ఎందుకు చేస్తాయో తెలుసుకోవడానికి నాకు పుస్తకాలు అక్కరలేదు. మా వీధి నోరు మూయించడానికి ఎన్ని కుండలు కావాలో వాళ్ళు చూసుకున్నారు. అంతకంటే ఒక కుండ ఎక్కువ పెట్టలేదు.

మా వీధిలో మనిషి పోతే కొన్న గుడ్డ కప్పరు. ఆ ఇంటి మగ్గం మీద ఏది ఉంటే అది కోసి కప్పుతారు. నేను ఊరు చేరేసరికి మామను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. యుద్ధం వచ్చినప్పటి నుంచి నూలు కరువు, అందుకని మగ్గం మీద ఉన్నది కురచ గుడ్డ. అదీ సగంలో ఆగింది. కంపెనీ గుమాస్తా మడత విప్పని తెల్లటి మిల్లు గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కంపెనీవారి ధర్మమమ్మా. నిండుగా సరిపోతాది" అన్నాడు.

అత్త గుడ్డ అంచు పట్టుకుని చూసింది. "ఏమప్పా ఈ ముద్ర?"

"కంపెనీ పేరమ్మా."

"ఆయన బతికినన్ని దినాలూ మిమ్మల్ని బయలు అడిగె. బయలు తెచ్చినావా?"

గుమాస్తా గుడ్డ మడత సర్దుకున్నాడు.

"అయితే నీ గుడ్డ నువ్వే తీసుకోనిపో. ఆ ముద్ర ఏసి ఆయన్ని పంపను."

"కాళ్ళు బయటికి కనపడతాయి గదమ్మా" అన్నారు పెద్దవాళ్ళు, మెల్లగా.

"కనపడనీ. ఆ కాళ్ళతోనే గదా నేసింది."

కత్తెర తీసుకుని తానే గుంటలోకి దిగింది. నేసినంత మేర, నేయకుండా మిగిలిన పడుగు దారాలతో సహా కోసి తెచ్చి కప్పింది. గుడ్డ మోకాళ్ళ కిందికి వచ్చి ఆగింది.

బండ్లదారి వెంట, గోడ పక్కగా తీసుకుపోయాం. దూది బండ్లు ఎదురొచ్చాయి. బండివాళ్ళు ఎవరూ చెప్పకుండానే దిగి, ఎద్దులను దారి పక్కకు లాగి నిలబడ్డారు. చలివేంద్రం నీడలో గుమాస్తా ఆ తెల్లగుడ్డను చంకలో పెట్టుకుని చూస్తున్నాడు. నేను వెనక నడుస్తూ మామ పాదాలనే చూస్తున్నాను. తొక్కీ తొక్కీ కాయలు కాసిన పాదాలు. గాలికి నేయని దారాలు వాటి మీద అటూ ఇటూ కదులుతున్నాయి.